గంగులప్ప చేతికిచ్చిన కవర్లు

మా ఇంట్లో మున్సిపాలిటీ నీళ్లు వచ్చే ముందు కుళాయి బుస కొడుతుంది. మొదట గాలి, తర్వాత నాలుగు తుంపర్లు, కాసిని తుప్పు నీళ్లు, ఆ తర్వాత ధార. మదనపల్లెలో ఈ అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఆరేళ్లయినా ఆ చప్పుడుకు నేను ఇంకా అలవాటు పడలేదు. బుస వినిపించిందంటే చేతిలో పని ఆగిపోతుంది. పుంగనూరు అవతల ఒక పల్లెలో నాలుగంగుళాల పైపు నోట్లోంచి ఇదే చప్పుడు విన్నాను. నీళ్లు రావేమోనని నేను అనబోతుంటే, పక్కన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ మనిషి చెయ్యి కాస్త పైకెత్తి, "ఉండప్పా, వస్తాండాది" అన్నాడు. ఆయన నీళ్ల గురించి మాట్లాడినా మనుషుల గురించి మాట్లాడినా గొంతు అదే. ఆయన పేరు గంగులప్ప. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, ఆ తర్వాత సొంత ఊళ్లో మూడెకరాల మెట్ట సేద్యం చేసిన మనిషి.

నేను ఆయన్ను మొదట చూసింది కుప్పం బస్టాండులో. అప్పుడు నేను కుప్పంలో ఒక పత్రికకు విలేకరిని. ఈ రోజుల్లో వార్త ఫోనులో క్షణంలో పోతుంది. అప్పట్లో కాగితం మీద రాసి, ఫొటో ఉంటే ఫిల్మ్ రీలుతో సహా కవరులో పెట్టి, పైన 'ప్రెస్, అర్జంట్' అని రాసి మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్లం. మదనపల్లె బస్టాండులో విచారణ కిటికీ పక్కన మా పత్రిక రేకు డబ్బా ఒకటి వేలాడేది. కవరు సాయంత్రానికి అందులో పడితే మర్నాడు అచ్చు, పడకపోతే లేదు. నాకు దక్కిన బస్సు గంగులప్పది. శాంతిపురం, వెంకటగిరికోట, పలమనేరు మీదుగా పుంగనూరు దాకా పోయి వెనక్కి తిరిగే బస్సు. పుంగనూరులో ఆయన నా కవరును మదనపల్లె బస్సు కండక్టరుకు అందిస్తాడని నేను అనుకునేవాణ్ణి. ఎలా అందిస్తాడని ఏనాడూ అడగలేదు. ఆయన కవరు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పొద్దు బరువుగా ఉండాదే, ఎవురి కొంప ముంచినావప్పా?" అని నవ్వి, తోలు సంచిలో పెట్టుకునేవాడు. నన్ను విలేకరప్పా అని పిలిచేవాడు. నేను అన్నా అనేవాణ్ణి.

ఒకసారి ఆ బస్సులోనే వెంకటగిరికోటకు పోతున్నాను. సంత రోజు. శాంతిపురంలో బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, చేతిసంచులు, ఒక గొడుగు వచ్చి సీట్ల మీద పడ్డాయి. జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. తిట్టుకున్నారు, కాళ్లు తొక్కుకున్నారు. కానీ తువ్వాలు పడ్డ సీటులో మాత్రం ఎవరూ కూర్చోలేదు. చంకలో బిడ్డ ఉన్న ఒకావిడ ఖాళీ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ తువ్వాలు ఎవరిదో ఆమెకు తెలియదు. చివరికి ఒక ముసలాయన ఎక్కి, తువ్వాలు తీసుకుని, ఆమె చంకలో బిడ్డను చూసి, "కూసోమ్మా, నేను కోటలోనే దిగేది" అన్నాడు. టికెట్లు కొడుతూ వచ్చిన గంగులప్ప నా పక్కన ఆగి గొంతు తగ్గించి, "ఇది రాసుకోప్పా" అన్నాడు. ఇందులో వార్త ఏముందన్నాను. ఆయన తర్వాతి సీటు దగ్గరికి పోయాడు. మా వృత్తిలో గమ్యం చేరిన బస్సు వార్త కాదు, బోల్తా పడ్డ బస్సే వార్త. ఏళ్ల తరబడి బోల్తా పడ్డ బస్సుల దగ్గరికే పరుగెత్తినవాడికి దారులన్నీ వాలుగానే కనిపిస్తాయి. నాకు అప్పటికే అలా కనిపించడం మొదలైంది.

దానికి ఒక కారణం కూడా ఉంది. కుప్పంలో ఉండగా నేను పంపిన కవర్లలో ఒకటి చేరలేదు. శాంతిపురం దగ్గర రాళ్ల క్వారీలో ఇద్దరు కూలీలు చనిపోయారు. అందరికంటే ముందు అక్కడికి చేరినవాణ్ణి నేనే. ఫొటోలు తీసి, మూడు పేజీలు రాసి పంపాను. మర్నాడు మా పత్రికలో ఒక్క ముక్క లేదు. మరో పత్రికలో మొదటి పేజీలో వచ్చింది. డబ్బాలోంచి ఎవరో కాజేశారని నిర్ణయించుకున్నాను. ఎవరో కూడా మనసులో నిర్ణయించుకుని, ఆ పోటీ పత్రిక విలేకరితో పదేళ్లు మాట్లాడలేదు. ఆ తర్వాత నేను మదనపల్లె ఆఫీసు బాధ్యుణ్ణయ్యాక, కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ కథ చెప్పేవాణ్ణి. ఎవరినీ నమ్మొద్దు, సందు దొరికితే ప్రతివాడూ తన పని చూసుకుంటాడు అన్నది కథ చివర నేను చేర్చే మాట. వాళ్లు తల ఊపేవాళ్లు.

గంగులప్ప రిటైరై ఊరు చేరే నాటికి ఆ ఊళ్లో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. ఒకరు లోతుగా వేస్తే పక్కవాడిది ఎండేది. పక్కవాడు ఇంకా లోతుకు పోయేవాడు. చివరికి ఆ చేలన్నిటిలో రెండు బోర్లే మిగిలాయి. పక్కపక్క చేలున్న ఆరు కుటుంబాలను ఆయన కూర్చోబెట్టి ఒక ఒప్పందానికి తెచ్చాడు. రెండు బోర్ల నీళ్లూ ఒకే తొట్టిలో పడతాయి. తొట్టి నుంచి ఆరు చేలకూ పైపులు, చేనుకొక వాల్వు. వాల్వు తిప్పే ఇనుప పిడి మాత్రం అందరికీ ఒక్కటే. పంపు షెడ్డు గోడకు మేకు కొట్టి దానికి తగిలించారు. ఎవరి వంతైతే వాళ్లు తీసుకుని, చేను తడుపుకుని, మళ్లీ తగిలించాలి. గోడ మీద నల్లరంగు పూసి సుద్దతో వంతులు రాశారు. షెడ్డుకు తలుపు లేదు, పిడికి తాళం లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. ఒక్కరు వేస్తే ఆ రెండూ పోతాయని అందరికీ తెలుసు.

ఇదంతా విని నేను నవ్వుకున్నాను. ఒక ఎండాకాలం, టమాటా కాయ పట్టే రోజుల్లో, చెప్పాపెట్టకుండా ఆ పల్లెకు పోయాను. నిజం చెప్పాలంటే ఒప్పందం నడుస్తోందా అని చూడటానికి పోలేదు, ఎక్కడ తెగిందో చూడటానికి పోయాను. బోర్డు మీద ఆ రోజు వంతు మునిరత్నమ్మ అని ఉంది. చేలో చూస్తే పార పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో, పిడి మొలకు దోపుకుని చెంగల్రాయుడు అనే రైతు నిలబడి ఉన్నాడు. సాళ్లలో నీళ్లు మెరుస్తున్నాయి. దూరం నుంచే ఫొటో తీశాను. రోడ్డు మీద టీ అంగట్లో ఆ మనిషి పేరు తెలుసుకుని, ఈ పొద్దు చెంగల్రాయుడి వంతేనా అని అడిగితే, కాదని చెప్పారు. నాకు అంతే చాలింది. ఉమ్మడి నీటికి గండి పడిందని, ఆడకూతురి వంతును పక్క రైతు మింగేశాడని రాశాను. మూడు కాలమ్‌ల శీర్షిక, పక్కన ఫొటో.

నాలుగో రోజు గంగులప్ప మదనపల్లె ఆఫీసుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి ఆ పేపరు తీసి మడతలు విప్పి బల్ల మీద పరిచాడు. నేను గొడవకు సిద్ధంగా ఉన్నాను.

"ఫొటో బాగుండాదప్పా," అన్నాడు. "నీళ్లు మిలమిలా మెరస్తాండాయి. చెంగల్రాయుడిని అడిగినావా?"

బోర్డు మీద పేరు చూశాను, పిడి అతని దగ్గర ఉండటం చూశాను, ఇంకేం కావాలన్నాను.

"బోర్డును అడిగినావు. సరే. మనిషిని?"

"దొంగను అడిగితే దొంగనని చెప్తాడా అన్నా?"

ఆయన ఫొటోలో సాళ్ల మీద వేలు పెట్టాడు. "అది మునిరత్నమ్మ చేనప్పా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. మునిరత్నమ్మ కూతురికి కాన్పు కష్టమై మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. మునిరత్నమ్మ బయల్దేరే ముందు చెంగల్రాయుడి ఇంటి ముందు నిలబడి, నా చేను నువ్వే తడపాలప్పా, కాయ రాలిపోతుంది అని చెప్పి బస్సెక్కింది. అతను తన చేలో పని వదిలేసి పోయి ఆమె చేను తడిపాడు. నేను చూసిన బురద ఆమె చేలోది. బోర్డు మీద పేరు ఆమెదే, తడిసిన చేనూ ఆమెదే. తప్పు చదివింది నేను.

ఆసుపత్రి మా ఆఫీసుకు నడిచిపోయేంత దూరం. గంగులప్ప నన్ను రమ్మనలేదు, నేనే వెంట నడిచాను. వార్డు బయట బెంచీ మీద ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని మునిరత్నమ్మ కూర్చుని ఉంది. తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పింది. ఆమె పేపరు చూడలేదు. గంగులప్పను చూడగానే అడిగిన మొదటి మాట, "చెంగల్రాయుడు నీళ్లు కట్టినాడా అన్నా? ఆయప్పకు పాపం, ఆయప్ప చేనే ఎండతాండాది" అని. గంగులప్ప కట్టినాడమ్మా అన్నాడు. నేను ఎవరో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

బయటికి వచ్చాక గంగులప్ప అసలు సంగతి చెప్పాడు. పేపరు వచ్చిన రోజు నుంచి ఊళ్లో ఎవరి చేను దగ్గర వాళ్లు కాపలా కూర్చుంటున్నారు. మునిరత్నమ్మ చేనని తెలిసినవాళ్లు కూడా, ఈసారి కాకపోతే ఇంకోసారి తీసుకున్నాడేమో, మనకేం తెలుసు అంటున్నారు. అచ్చులో వచ్చిన మాట మనసులో దూరాక అంత సులువుగా బయటికి రాదు. చెంగల్రాయుడు ఇంట్లోంచి కదలడం మానేశాడు, తన వంతు రోజు కూడా పిడి ముట్టుకోలేదు. కృష్ణప్ప అనే రైతు, ఎలాగూ దొంగతనాలు జరుగుతున్నాయి కాబట్టి తన దారి తను చూసుకుంటానని బోరు బండికి కబురు పెట్టాడు. "ఎల్లుండి పొద్దన బండి వస్తాదంట," అన్నాడు గంగులప్ప. "ఆ గుంత పడిందంటే మా రెండు బోర్లూ పోతాయప్పా. ఆరు చేలూ ఎండతాయి. నువ్వు రావల్ల."

సవరణ వేస్తానన్నాను. వేశాను కూడా, లోపలి పేజీలో, మందుల దుకాణం ప్రకటన కింద. ఎవరూ చదివి ఉండరు. బండి వస్తుందన్న రోజు ఉదయం నేను పల్లె చేరేసరికి బోరు బండి కృష్ణప్ప చేను గట్టున ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. షెడ్డు ముందు పదిమంది దాకా ఉన్నారు. చెంగల్రాయుడిని ఎవరో పిలుచుకొచ్చారు గానీ, అతను దూరంగా గట్టు మీద కూర్చుని గడ్డిపోచలు తుంచుతున్నాడు. షెడ్డుకు తలుపు పెట్టాలి, తాళం వెయ్యాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అని వాదన నడుస్తోంది. గంగులప్ప నన్ను చూసి తల ఊపాడు. నేను నిలబడి, అడగకుండా రాశానని, చెంగల్రాయుడు తడిపింది మునిరత్నమ్మ చేనేనని, ఆమెను ఆసుపత్రిలో స్వయంగా చూసి వచ్చానని చెప్పాను. వేదికల మీద ఎన్నోసార్లు మాట్లాడినవాణ్ణి, ఆ నాలుగు మాటలు ముందు నిలబడ్డవాళ్లకే వినిపించాయి.

"పేపర్లో అచ్చు ఇంత లావు ఏసినావే," అన్నాడు కృష్ణప్ప. "ఈడ గొంతు ఇంత సన్నంగా వస్తాండాదేమప్పా?"

కొందరు నవ్వారు. అందులో న్యాయం ఉంది కాబట్టి నేను గొంతు పెంచి మొత్తం మళ్లీ చెప్పాను. అయినా కృష్ణప్ప, సరే ఆ పొద్దు తీసుకోలేదు, రేపు తీసుకోడని ఏం నమ్మకం, తాళం వెయ్యడమే మేలు అన్నాడు.

గంగులప్ప భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "బస్సులో సీటు మీద తువ్వాలు ఏస్తారు," అన్నాడు. "దానికి తాళం యాడుండాది? ముప్పై ఏండ్లు సూసినాను. దొంగలు లేరని నేననను. ఉంటారు, బస్సుకు ఇద్దరు. ఆ ఇద్దరి కోసరం అరవై మందిని దింపేస్తే బస్సు ఎవురికప్పా?"

ఆయన షెడ్డు లోపలికి పోయి, మేకు నుంచి పిడి తీసుకుని, గట్టు దాకా నడిచి చెంగల్రాయుడి పక్కన గడ్డి మీద పెట్టాడు. "ఈ పంట అయ్యేదాకా నీ ఇంట్లోనే పెట్టుకో. వంతు ఎవురిదైతే వాళ్లు వచ్చి నిన్ను అడిగి తీసకపోతారు."

"నాకొద్దన్నా," అన్నాడు చెంగల్రాయుడు తల ఎత్తకుండా. "రేపు ఇంగొకడు వచ్చి ఫొటో తీస్తాడు."

"తియ్యనీ. ఈసారి మొగం కడుక్కోని నిలబడు."

చెంగల్రాయుడు నవ్వలేదు. పిడిని ముట్టుకోలేదు. బోరు బండి డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అప్పుడు అందరికీ గుర్తొచ్చింది, బోర్డు మీద ఆ రోజు వంతు కృష్ణప్పది. గుంత ఈ పొద్దు తవ్వినా నీళ్లు పడతాయో లేదో ఎవరికీ తెలియదు. పిడి మాత్రం అక్కడ గడ్డిలో ఉంది. కృష్ణప్ప బండి వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు. ఆకు వాడి వేలాడుతోంది. చివరికి కాళ్లీడ్చుకుంటూ గట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నాది ఎండతాండాదప్పా," అన్నాడు. "పిడి ఇస్తావా?"

చెంగల్రాయుడు అప్పుడు తల ఎత్తాడు. "నన్ను యాల, ఆ బండోణ్ణి అడగరాదా?"

గట్టు మీద ఎవరో పుసుక్కున నవ్వారు. కృష్ణప్ప మొహం కందిపోయింది గానీ కదలలేదు. చెంగల్రాయుడు పిడి తీసుకుని, మట్టి తుడిచి, అతని చేతిలో పెట్టాడు. తర్వాత తనే లేచి, వాల్వు బిర్రుగా ఉండాది, ఒక్కడివల్ల కాదు అంటూ వెంట పోయాడు. మేమందరం పైపు నోటి దగ్గర నిలబడ్డాం. గాలి బుస కొట్టింది. ఎంతసేపటికీ నీళ్లు లేవు. నేను ఏదో అనబోయాను. ఉండప్పా, వస్తాండాది అని గంగులప్ప అన్నది అప్పుడే. వచ్చాయి. బోరు బండి మధ్యాహ్నానికి వెనక్కి తిరిగి వెంకటగిరికోట దోవ పట్టింది.

జనం చెదిరిపోయాక గంగులప్ప నన్ను ఇంటికి తీసుకుపోయాడు. సంగటి తిన్నాక లోపలికి పోయి ఒక రేకు పెట్టెలోంచి ఏదో తీసి తెచ్చి నా ముందు పెట్టాడు. పసుపుపచ్చబడ్డ కవరు. పైన నా చేతిరాతే, 'ప్రెస్, అర్జంట్'. అంటించింది అంటించినట్టే ఉంది. తడిమితే లోపల రీలు గట్టిగా తగిలింది.

"క్వారీ కవరప్పా," అన్నాడు. "నా సంచిలో టిఫిన్ డబ్బా కింద ఉండిపోయింది. మూడు దినాలకు దొరికింది. నీకు మొగం సూపించలేక దాచిపెట్టినా. ఈ పొద్దు నువ్వు అంతమంది ముందర నిలబడితివి. నేను నీ ఒక్కడి ముందర నిలబడలేనా?"

పదేళ్లు పలకరించని ఆ విలేకరి గుర్తొచ్చాడు. ఆఫీసులో ఎంతమందికి ఆ కథ చెప్పానో గుర్తొచ్చింది. మిగతా కవర్లను పుంగనూరులో మదనపల్లె కండక్టరుకే ఇచ్చేవాడివి కదా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

ఆయన నవ్వాడు. ఆయన బస్సు పుంగనూరులో అయిదు నిమిషాలే ఆగేదట. మదనపల్లె బస్సు చాలా రోజులు అప్పటికి వచ్చేదే కాదు. అందుకని బస్టాండులో మదనపల్లెకు పోయేవాళ్లు ఎవరుంటే వాళ్లకు ఇచ్చేవాడు. పూలబుట్ట ఆవిడకు, కాలేజీ పిల్లలకు, ఒకసారి పెళ్లికి పోతున్న గుంపుకు, ఒకసారి బాగా తాగి ఉన్న ఒకాయనకు. పేర్లు అడిగేవాడు కాదు. అక్కడ దిగినాక డబ్బాలో వేసి పొండి అనేవాడు.

"తాగినోడిది గూడా చేరింది గదా?" అన్నాడు. "పోయింది ఒక్కటే. నేను ఎవురికీ ఇయ్యకుండా నా కాడ పెట్టుకునింది."

ఆ ఎండాకాలం ఆ ఆరు చేలలో చివరి సాళ్లు కొన్ని ఎండిపోయాయి. అయినా ఆరు కుటుంబాలూ టమాటా బాక్సులు ఒకే బండికి ఎత్తి మదనపల్లె మార్కెట్‌కు తెచ్చాయి. పిడి తర్వాత మళ్లీ మేకు మీదికి పోలేదు. ఏటా ఒకరింట్లో ఉంటుంది, కావలసినవాళ్లు గడప దగ్గర నిలబడి అడుగుతారు. గంగులప్ప పోయి రెండేళ్లవుతోంది. ఈ ఏడు పిడి మునిరత్నమ్మ ఇంట్లో ఉందని చెంగల్రాయుడే ఫోను చేసి చెప్పాడు. పోటీ పత్రిక విలేకరిని కలిసి మాట్లాడదామని వెతికితే, అతను కలికిరిలో కూతురి దగ్గర ఉన్నాడని తెలిసి పోయి కలిశాను. సంగతంతా విని, అందుకేనా నువ్వు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడివి, నీకు పొగరనుకున్నాను అన్నాడు. నాలుగు వక్కలు నములుతూ కాసేపు కూర్చున్నాం.

కవరు నా బల్ల సొరుగులో ఉంది. విప్పలేదు. ఎవరి గురించైనా నాకు ముందే అంతా తెలిసిపోయిందని అనిపించినప్పుడు సొరుగు తెరిచి, నా చేతిరాత ఒకసారి చూసుకుంటాను.

ఈ ఉదయం కుళాయి చాలాసేపు బుస కొట్టి ఆగిపోయింది. కింది ఇంటివాళ్లు పైపుకు మోటారు బిగించి నీళ్లన్నీ లాగేస్తున్నారని మూడో అంతస్తులో వారం నుంచి అనుకుంటున్నారు. వాల్వుకు తాళం వెయ్యాలని, మెట్ల దగ్గర కెమెరా పెట్టాలని కాగితం ఒకటి తయారైంది. అందరూ సంతకాలు చేశారు, నాదే బాకీ. అనుమానం నాకూ లేకపోలేదు. ఆ కింది ఇంటివాళ్లు వచ్చి ఏడాదవుతున్నా వాళ్ల పేర్లు నాకు తెలియవని, కాగితం చదువుతుంటే గుర్తొచ్చింది. కాగితం మడిచి సొరుగులో కవరు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, కిందికి దిగి ఆ తలుపు తట్టాను.